‘ది అలామో’ పూర్తి నిడివి కోసం ఎదురుచూపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత వెస్టర్న్ సినిమాలను డిస్కుల మీద సేకరించే అలవాటు ఉన్నవారు ఎప్పుడు కలిసినా హాలీవుడ్ నటుడు జాన్ వేన్ తీసిన ‘ది అలామో’ ప్రస్తావన రాక మానదు. మంచి ప్రతి ఎప్పుడు వస్తుంది, పూర్తి నిడివితో వస్తుందా, ఇంత ఆలస్యం ఎందుకు అన్న ప్రశ్నలకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అందుకే తరచుగా ఎదురయ్యే ప్రశ్నలన్నింటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఇది ఏ ‘అలామో’?

1960 అక్టోబర్ 24న టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో తొలి ప్రదర్శన జరుపుకున్న సినిమా ఇది. జాన్ వేన్ దీనికి దర్శకుడు, నిర్మాత. డేవీ క్రాకెట్ పాత్ర కూడా ఆయనదే. జిమ్ బోవీగా రిచర్డ్ విడ్‌మార్క్, ట్రావిస్‌గా లారెన్స్ హార్వే నటించారు. విలియం క్లోదియర్ ఛాయాగ్రహణం, దిమిత్రి ట్యోమ్కిన్ సంగీతం అందించారు. 1836లో మెక్సికో అధినేత శాంటా ఆనా సైన్యం టెక్సస్‌లోని అలామో కోటను 13 రోజులు ముట్టడించిన ఉదంతమే కథ. ఇదే పేరుతో 2004లో మరో సినిమా వచ్చింది. తొందరలో దాని డిస్కు కొనేసి, ఇంటికొచ్చాక నాలుక కరుచుకున్నవారు నాకు తెలిసి ఇద్దరున్నారు. అట్ట మీద సంవత్సరం చూసుకోవడం మంచిది.

ఒకే సినిమాకు 202 నిమిషాలు, 167 నిమిషాలు అని రెండు నిడివులు ఎందుకు చెబుతారు?

ఆ రోజుల్లో అమెరికాలో భారీ సినిమాలను ముందుగా ‘రోడ్ షో’ పద్ధతిలో విడుదల చేసేవారు. పెద్ద నగరాల్లో ఎంపిక చేసిన థియేటర్లలో, ముందే రిజర్వు చేసుకున్న సీట్లతో, ఎక్కువ ధర టికెట్లతో, రోజుకు ఒకటి రెండు ఆటలే వేసేవారు. తెర లేవక ముందు ప్రారంభ సంగీతం, మధ్యలో విశ్రాంతి, విశ్రాంతి ముగిశాక మళ్లీ సంగీతం, జనం బయటికి వెళ్తున్నప్పుడు ముగింపు సంగీతం ఉండేవి. వీటన్నింటితో కలిపి ‘ది అలామో’ నిడివి 202 నిమిషాలు. తర్వాత సాధారణ థియేటర్లకు పంపేటప్పుడు, రోజుకు మరిన్ని ఆటలు పడాలన్న లెక్కతో పంపిణీదారైన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ దాన్ని 167 నిమిషాలకు కుదించింది. ప్రపంచంలో చాలామంది చూసిన ‘అలామో’ ఈ చిన్నదే.

కోసేసిన భాగంలో అంత ముఖ్యమైనవి ఏమున్నాయి?

పోరాట దృశ్యాల కోసం చూసేవారికి పెద్ద నష్టం లేదు. పోయినవాటిలో ఎక్కువ భాగం మనుషుల మధ్య నడిచే సన్నివేశాలు. కోటలో ఒక చిన్నపాప పుట్టినరోజు వేడుక, పార్సన్ అనే వృద్ధుడి మరణం, అతని పక్కన క్రాకెట్ చేసే ప్రార్థన అలాంటివే. నిజం చెప్పాలంటే ఈ సినిమాలో మాటలు ఎక్కువ. స్క్రిప్టు రచయిత జేమ్స్ ఎడ్వర్డ్ గ్రాంట్ రాసిన ఉపన్యాసాలు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాయి కూడా. చిన్న కూర్పే బిగువుగా ఉందనేవారి వాదనను నేను కొట్టిపారేయను. అయితే చివర్లో ఒక్కొక్కరూ నేలకొరుగుతున్నప్పుడు మనసు కదలాలంటే, వాళ్లు అంతకుముందు నవ్వడం, కొట్లాడుకోవడం, ప్రార్థించడం చూసి ఉండాలి. ఆ బరువు పెద్ద కూర్పులోనే ఉంది.

పెద్ద కూర్పు ఇదివరకు వీడియోలో వచ్చింది కదా?

వచ్చింది. పెద్ద కూర్పు పోయిందనే అందరూ చాలాకాలం అనుకున్నారు. అలాంటి సమయంలో, దాన్ని థియేటర్‌లో పూర్తిగా చూసినట్టు గుర్తున్న ఒక కెనడా అభిమాని పట్టుదలతో వెతికించగా, టొరంటోలో ఒక 70 ఎంఎం ప్రింటు (థియేటర్‌లో వేసే వెడల్పాటి ఫిల్మ్ ప్రతి) బయటపడింది. అప్పటికి అది చక్కని స్థితిలో ఉంది. యునైటెడ్ ఆర్టిస్ట్స్ సినిమాల హక్కులు అప్పటికే హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం చేతికి వచ్చాయి. ఆ సంస్థ ఈ ప్రింటు నుంచి వీడియో ప్రతిని తయారు చేయించి, 1990ల తొలినాళ్లలో వీహెచ్ఎస్ క్యాసెట్‌గా, లేజర్‌డిస్కుగా (డీవీడీకి ముందు తరం పెద్ద డిస్కు) విడుదల చేసింది. అమెరికాలో టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానల్‌లో పెద్ద కూర్పు ప్రసారమైనప్పుడు ఆధారం ఆ వీడియో ప్రతే. తర్వాత డీవీడీగా వచ్చింది మాత్రం 167 నిమిషాల కూర్పు.

అయితే ఆ వీడియో ప్రతినే శుభ్రం చేసి బ్లూరేగా వేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. ఈ సినిమా చిత్రం వెడల్పు దాని ఎత్తుకు 2.20 రెట్లు. నాటి టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లే. అమెరికా వీడియో విధానంలో తెర మీద నిలువున సుమారు 480 గీతలుంటాయి. పైనా కిందా నల్ల పట్టీలు వదిలేసి, వెడల్పాటి బొమ్మను పూర్తిగా చూపించాలంటే బొమ్మకు మిగిలేవి దాదాపు 290 గీతలు. అదే సినిమాను నేటి 4కె టీవీలో చూపిస్తే సుమారు 1745 గీతలు దక్కుతాయి. ఆరు వంతుల్లో ఒక వంతు గీతలే ఉన్న బొమ్మను ఆరు రెట్లు సాగదీస్తే, దూరంగా బారులు తీరిన సైనికులు సైనికుల్లా కాక తెర మీద అలికిన రంగుల్లా కనిపిస్తారు.

కృత్రిమ మేధతో ఆ బొమ్మకు స్పష్టత తెప్పించవచ్చంటున్నారు. నిజమేనా?

స్పష్టత వచ్చినట్టు కనిపించడం వేరు, ఫిల్మ్ మీద ఉన్నది తిరిగి రావడం వేరు. లేని వివరాన్ని యంత్రం ఊహించి గీస్తుంది. దగ్గరి ముఖాల్లో అది కొంతవరకు ఒప్పుతుంది కానీ, వందల మంది ఉన్న దృశ్యంలో ఒక్కొక్కరి ముఖాన్నీ అదే కల్పించేస్తుంది. ఫిల్మ్ ఆధారం పూర్తిగా నశించిన కొన్ని క్షణాలకు అతుకుగా వాడితే నాకు అభ్యంతరం లేదు. అరగంట సినిమాను అలా తయారు చేసి ‘పునరుద్ధరణ’ అని పేరు పెడితే మాత్రం అభ్యంతరమే.

టొరంటో ప్రింటు ఇప్పుడు ఎందుకు పనికిరావడం లేదు?

ఈ కథలో అన్నిటికన్నా బాధ పెట్టేది ఈ అధ్యాయమే. వీడియో పని పూర్తయ్యాక ఆ ప్రింటు నిల్వలో పాడైపోయింది. 2007 నాటికి దాన్ని ఉన్నదున్నట్టుగా వాడుకునే వీలు లేకుండా పోయింది.

ఆ కాలపు ప్రింట్లకు రెండు రోగాలు. మొదటిది రంగు వెలిసిపోవడం. ఈస్ట్‌మన్ కలర్ ప్రింటులో మూడు రంగుల పొరలుంటాయి. వాటిలో నీలి ఆకుపచ్చ పొర, పసుపు పొర త్వరగా వెలిసిపోతాయి. మిగిలేది గులాబీ ఎరుపు. ఆకాశం, గడ్డి, మనిషి ముఖం అన్నీ ఒకే గులాబీ రంగులోకి మారిన ప్రింట్లను మన ఊళ్ల ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనల్లో చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు.

రెండోది వాసనను బట్టి తెలుస్తుంది. ఫిల్మ్‌కు ఆధారమైన అసిటేట్ అనే ప్లాస్టిక్ విచ్ఛిన్నమవుతూ అసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఒకసారి మిత్రుడి ఇంట్లో అటక మీదున్న పాత 16 ఎంఎం రీలు డబ్బా మూత తీశాను. ఘాటు వాసన గుప్పున ముక్కుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. రీలు అంచులు అప్పడంలా వంకర్లు పోయి ఉన్నాయి, చుట్టు విప్పబోతే మెలికలు తిరిగింది. ఒకసారి మొదలైన ఈ కుళ్లు ఆగదు. విడుదలైన ఆమ్లమే మరింత విచ్ఛిన్నానికి కారణమవుతుంది. వేడి, తేమ దాన్ని ఎగదోస్తాయి, చలి నెమ్మదింపజేస్తుంది. 70 ఎంఎం ప్రింట్ల అంచుల్లో శబ్దం కోసం పూసే అయస్కాంత పట్టీల్లోని ఐరన్ ఆక్సైడ్ ఈ కుళ్లును ఇంకా తొందర చేస్తుంది.

అసలు నెగెటివ్ ఉండగా ప్రింటుతో పనేమిటి?

చాలా సినిమాల విషయంలో ఇది సరైన ప్రశ్నే. ఇక్కడ చిక్కేమిటంటే, నేడు దొరికే మెరుగైన ఫిల్మ్ ఆధారాలన్నీ 167 నిమిషాల కూర్పువి. అంటే ఈ సినిమాకు కావలసినవి రెండు పనులు. చిన్న కూర్పును ఉన్న ఆధారాల నుంచి చక్కగా స్కాన్ చేసి, రంగులు సరిచేసి విడుదల చేయడం మొదటిది. అది మామూలుగా స్టూడియోలు చేసే పనే. కోసేసిన ఆ అరగంటను పాడైన ప్రింటు నుంచి ఫ్రేము ఫ్రేముగా రాబట్టి, మిగతా బొమ్మతో రంగు, స్పష్టత కలిసేలా అతికించడం రెండోది. ఖర్చంతా, కష్టమంతా అక్కడే. ‘అలామో పునరుద్ధరణ’ అని ఎవరైనా అన్నప్పుడు వారు చెబుతున్నది ఈ రెంటిలో ఏదో ముందు అడగాలి.

రంగు వెలిసిన చోట అక్కరకొచ్చే ఒక పాత పద్ధతి ఉంది. అమెరికా స్టూడియోలు ముఖ్యమైన సినిమాలకు మూడు రంగులను విడదీసి మూడు నలుపు తెలుపు ప్రతులుగా భద్రపరిచేవి. వాటిలో ఉండేది వెండి కాబట్టి రంగులా వెలిసిపోదు. మూడింటినీ స్కాన్ చేసి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చితే అసలు రంగు తిరిగొస్తుంది. అయితే మూడు ప్రతులూ మూడు రకాలుగా కుంచించుకుపోయి ఉంటే, అంచుల్లో రంగులు పక్కకు జరిగి కనిపిస్తాయి. దాన్ని కంప్యూటర్‌లో సరిచేయవచ్చు, కానీ ఓపిక కావాలి.

65 ఎంఎం అంటారు, 70 ఎంఎం అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఈ సినిమాను తీసిన టాడ్-ఏఓ పద్ధతిలో కెమెరాలో వాడే నెగెటివ్ వెడల్పు 65 ఎంఎం. థియేటర్‌కు వెళ్లే ప్రింటు 70 ఎంఎం. ఆ అదనపు 5 ఎంఎం శబ్దానికి సంబంధించిన అయస్కాంత పట్టీల కోసం. ఇలాంటి నెగెటివ్‌లోని ఒక్కో ఫ్రేము వైశాల్యం 35 ఎంఎం సినిమాస్కోప్ ఫ్రేముకు రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది.

మనకు 70 ఎంఎం అనగానే ‘షోలే’, తెలుగులో 1986 నాటి ‘సింహాసనం’ గుర్తొస్తాయి. ‘షోలే’ను తీసింది 35 ఎంఎంలో, తర్వాత దాన్ని 70కి పెంచి ప్రింట్లు వేశారు. ‘అలామో’ కెమెరాలోనే పెద్ద ఫిల్మ్ మీద పుట్టింది. అందుకే మంచి ఆధారం దొరికితే 4కె డిస్కులో దాని అందం మాటల్లో చెప్పలేనంతగా ఉంటుందని ఆశ.

శబ్దం సంగతి ఏమిటి?

ఏడు ఆస్కార్ నామినేషన్లు పొందిన ఈ సినిమాకు దక్కిన ఒకే ఒక్క అవార్డు శబ్ద విభాగంలోనే. ఆ ఆరు ట్రాకుల శబ్దం ప్రింటు అంచున పూసిన పట్టీల మీద ఉండేది. అంటే సినిమాకు అవార్డు తెచ్చిన శబ్దమున్న పట్టీయే ప్రింటును తినేసే రోగానికి ఆజ్యం పోసింది. ఇంతకన్నా విడ్డూరం ఈ రంగంలో నేను వినలేదు.

2014లో జరిగిందేమిటి?

రాబర్ట్ ఎ. హారిస్ అనే నిపుణుడున్నారు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’, ‘స్పార్టకస్’, ‘వర్టిగో’ వంటి పెద్ద ఫార్మాట్ సినిమాలకు మళ్లీ ప్రాణం పోసిన వ్యక్తి ఆయన. టొరంటో ప్రింటు ఇంకా పూర్తిగా చేజారక ముందే పని మొదలుపెట్టాలని, కావలసిన డబ్బును బయటి దాతల నుంచి సేకరించవచ్చని ఆయన ముందుకొచ్చారు. హక్కుదారైన స్టూడియో అందుకు ఒప్పుకోలేదు. అభిమానులు ఉత్తరాలు రాశారు, పత్రికల్లో వార్తలొచ్చాయి, ప్రయత్నం మాత్రం అక్కడే ఆగిపోయింది. బయటివారి సొమ్ముతో తమ ఆస్తిని బాగు చేయించుకోవడానికి ఒక సంస్థ వెనకాడడంలో చట్టపరమైన కారణాలు ఉండవచ్చునని ఒప్పుకుంటాను. అయినా, కాలం ఎవరి పక్షాన లేని విషయంలో ‘వద్దు’ అన్న తర్వాత ‘మేమే చేస్తాం’ అన్న మాట కూడా వినిపించాలి కదా.

ఇతర వెస్టర్న్‌లకు కుదిరింది దీనికి ఎందుకు కుదరలేదు?

సగం కారణం బీరువా ఎవరిది, అంటే సినిమా హక్కులు ఎవరివన్న దాంట్లో ఉంది. మూడు కెమెరాల సినెరామా పద్ధతిలో 1962లో వచ్చిన ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’ ఎంజీఎం సినిమా. 1986లో ఎంజీఎం పాత సినిమాలు టెడ్ టర్నర్ చేతికి, ఆ తర్వాత వార్నర్ సంస్థకు వెళ్లాయి. వార్నర్ దాన్ని పునరుద్ధరించి, మూడు బొమ్మలు కలిసే చోట కనిపించే నిలువు గీతలను దాదాపు మాయం చేసి, 2008లో బ్లూరేగా తెచ్చింది. వంపు తిరిగిన తెర మీద చూస్తున్నట్టు భ్రమ కల్పించే రెండో కూర్పును కూడా జత చేసింది. అలాగే పెద్ద ఫ్రేము ఇచ్చే విస్టావిజన్ పద్ధతిలో తీసిన ‘ది సెర్చర్స్’ 2024లో కొత్త 70 ఎంఎం ప్రింటుగా తెర మీదికి వచ్చి, ఆపై 4కె డిస్కుగా దొరికింది.

యునైటెడ్ ఆర్టిస్ట్స్ సినిమాలు అలా వార్నర్‌కు వెళ్లలేదు, ఎంజీఎం దగ్గరే ఉండిపోయాయి. ఎంజీఎం చేతులు మారుతూ వచ్చి 2022లో అమెజాన్ సొంతమైంది. ఇక జాన్ వేన్ సొంత సంస్థ బ్యాట్‌జాక్ తన దగ్గరే ఉంచుకున్న ‘హోండో’, ‘మెక్లింటాక్’ వంటివాటిని ఆయన కుటుంబం చూసుకుంది. ‘అలామో’ మీద ఆయన తన సొంత ఆస్తులను ఒడ్డి, సుమారు 1.2 కోట్ల డాలర్లతో తీసి, అప్పుల నుంచి బయటపడడానికి తన వాటాను యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్ముకున్నారు. ఆ అమ్మకం జరగకపోయి ఉంటే ఈ ప్రశ్నలు రాయవలసిన అవసరమే ఉండేది కాదేమో.

పోయిందనుకున్న పెద్ద కూర్పు తిరిగొచ్చిన ఉదాహరణలు ఉన్నాయా?

ఉన్నాయి, అదీ ఇదే బీరువా నుంచి. ‘ఇట్స్ ఎ మ్యాడ్ మ్యాడ్ మ్యాడ్ మ్యాడ్ వరల్డ్’ కూడా యునైటెడ్ ఆర్టిస్ట్స్ విడుదల చేసిన 70 ఎంఎం సినిమాయే, రోడ్ షో తర్వాత కోతకు గురైనదే. హారిస్ ఆధ్వర్యంలో తయారైన 197 నిమిషాల కూర్పును 2014లో క్రైటీరియన్ సంస్థ డిస్కుగా తెచ్చింది. శబ్దం మాత్రమే మిగిలిన చోట నిశ్చల చిత్రాలు పెట్టారు; రంగు పోయిన ముక్కలకు రంగు తెప్పించారు. అతుకులు తెలుస్తాయి, తెలియడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

మన దేశంలో ‘షోలే’ సంగతి చూడండి. 70 ఎంఎం ప్రింట్లు మిగల్లేదు, నెగెటివ్ బాగా దెబ్బతింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు ఇంగ్లండ్‌లోని గోదాములో దొరికిన ఆధారాలతో, 1975లో సెన్సార్ మార్పించిన పతాక సన్నివేశాన్ని అసలు రూపంలో చేర్చి, 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యాలో ప్రదర్శించారు. యాభై ఏళ్ల తర్వాత సాధ్యమైంది.

డిస్కు ప్రకటన వస్తే ముందుగా ఏం చూడాలి?

నిడివి. 167 అని ఉంటే చిన్న కూర్పు, 200కు పైన ఉంటే సంగీత భాగాలతో సహా పెద్ద కూర్పు. ఇక్కడ ఒక మోసం లేని మోసం ఉంది: యూరప్ డీవీడీల్లో సినిమా సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 ఫ్రేములతో నడుస్తుంది. అందువల్ల 167 నిమిషాల కూర్పు సుమారు 160 నిమిషాలకే ముగుస్తుంది. అట్ట మీద 160 చూసి ఇంకేదో కోశారని కంగారుపడవద్దు, 194 చూసి మరో కొత్త కూర్పని సంబరపడవద్దు.

తర్వాత చూడవలసింది ఏ ఆధారం నుంచి తీశారన్నది. ‘4కె’ అన్న ముద్ర డిస్కుకు సంబంధించినది, ఆధారానికి కాదు. 65 ఎంఎం నుంచి కొత్తగా స్కాన్ చేశామని స్పష్టంగా రాస్తేనే నమ్మాలి. బొమ్మ నిష్పత్తి 2.20 అని ఉండాలి.

ప్రాంతీయ కోడ్ విషయానికొస్తే, అమెరికా బ్లూరేలు ‘ఎ’ ప్రాంతానివి, భారతదేశం ‘సి’లో ఉంది. ఇక్కడ కొన్న ప్లేయర్‌లో అక్కడి డిస్కు ఆడకపోవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవారు ముందే ప్లేయర్ సంగతి తేల్చుకోవాలి. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ బెడద లేదు.

పైనా కిందా నల్ల పట్టీలు తీసేయించే మార్గం లేదా?

ఉంది, టీవీలో జూమ్ నొక్కితే పోతాయి. వాటితో పాటు సినిమాలో దాదాపు ఐదో వంతు కూడా పోతుంది.

ఈలోగా పెద్ద కూర్పు చూడాలంటే?

పాత లేజర్‌డిస్కే దిక్కు. పాత సామాన్ల అంగళ్లలో ప్లేయర్ దొరికి, డిస్కు పొరల మధ్య గాలి చేరి పాడవకుండా ఉంటే చూడవచ్చు. ఒక్కో వైపు గంట మాత్రమే పడుతుంది కాబట్టి ఈ సినిమాకు కనీసం నాలుగు వైపులు కావాలి. ముట్టడి ఊపందుకుంటున్న వేళ లేచి వెళ్లి, పెద్ద పళ్లెమంత డిస్కును తిప్పి పెట్టి, అది మళ్లీ తిరిగే దాకా నిలబడాలి. మా ఇంట్లో ఆ పని మా అబ్బాయిది. ప్రారంభ సంగీతం రెండున్నర నిమిషాలు ఖాళీ తెర మీద మోగుతుంటే, టీవీ పాడైందేమోనని వాడు మొదటిసారి వెనక తీగలన్నీ పీకి చూశాడు.